పాదం పదిలం... వేట సఫలం!

మైనస్ 30 డిగ్రీల చలి. కాళ్ల కింద గడ్డకట్టిన సముద్రం. ఆ మంచు మీద గంటల తరబడి కదలకుండా నిలబడాలి. కాలు తిమ్మిరెక్కినా విదిలించకూడదు. రబ్బరు బూట్లూ, ఉన్ని సాక్సులూ లేని రోజుల్లోనే ఆ పని చేసి చూపించారు ఆర్కిటిక్ వేటగాళ్లు. ఎలా?

కెనడా ఉత్తరాన ఆర్కిటిక్ తీరం. చలికాలం. కనుచూపు మేరా సముద్రం గడ్డకట్టి తెల్లటి మైదానంలా ఉంటుంది. దాని మధ్యలో ఓ మనిషి. నడుం వంచి, చేతిలో ఈటె పట్టుకుని, మంచులోని ఓ చిన్న కన్నం వంకే చూస్తుంటాడు. పావుగంట... అరగంట... రెండు గంటలు... ఉలకడు, పలకడు. దూరం నుంచి చూస్తే బొమ్మేమో అనుకోవాలి!

ఆ మంచు కింద సీల్ ఉంటుంది. నీళ్లలో ఎంతసేపు ఈదినా ఊపిరి తీసుకోవడానికి అది పైకి రావాల్సిందే. అందుకే మంచులో అక్కడక్కడా కన్నాలు చేసుకుని, అవి పూడిపోకుండా గోళ్లతో గీకుతూ ఉంటుంది. ఏ కన్నం దగ్గరికి ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి. వేటగాడు చేయగలిగింది ఒక్కటే... ఎదురుచూడటం. చలికి తాళలేక ఒక్కసారి కాలు తాటించాడా, మంచు కిర్రుమంటుంది. ఆ చప్పుడు కింద నీళ్లలోకి వెళుతుంది. సీల్ ఇంకో కన్నం చూసుకుంటుంది. ఇక ఇంటిదగ్గర ఆ పూట మాంసం ఉండదు, దీపంలో పోయడానికి కొవ్వూ ఉండదు.

అంటే ఒకప్పుడు ఇన్యూట్ కుటుంబం కడుపు నిండటం ఆ ఇంటి వేటగాడి పాదాల మీద ఆధారపడి ఉండేదన్నమాట.

ముందు బలయ్యేది వేళ్లే

చలి ముదిరితే మన ఒళ్లు చాలా లెక్కగా ప్రవర్తిస్తుంది. గుండె, మెదడు లాంటి ముఖ్యమైన అవయవాలను 37 డిగ్రీల దగ్గర కాపాడుకోవాలి. అందుకని కాళ్లూ చేతుల్లోని రక్తనాళాలను కుంచింపజేసి వెచ్చటి రక్తాన్ని లోపలే ఉంచుకుంటుంది. ఇంటిని కాపాడటానికి వాకిలిని వదులుకోవడం లాంటిదది. అందుకే చలికి ముందుగా దెబ్బతినేది కాలివేళ్లే.

నడుస్తున్నంతసేపూ ఫరవాలేదు. కండరాలు వేడి పుట్టిస్తాయి. కానీ నడిస్తే చెమట పడుతుంది. మన రెండు పాదాల్లో కలిపి సుమారు 2.5 లక్షల స్వేదగ్రంథులున్నాయి మరి! నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. కాబట్టి నడిచేటప్పుడు పట్టిన చెమటే, నిలబడ్డాక శత్రువవుతుంది.

ఇంకో సంగతి. బూటు వేడి పుట్టించదు. పాదంలోని వేడిని బయటికి పోనివ్వకుండా ఆపుతుందంతే. ఆపేది కూడా తోలు కాదు, లోపల చిక్కుకున్న పొడి గాలి. పాదం తడిసినా, బూటు బిగుతైనా ఆ గాలి ఉండదు. ఆర్కిటిక్ ప్రజలు ఈ శాస్త్రాన్ని పుస్తకాల్లో చదువుకోలేదు. కుట్టుకుని తొడుక్కున్నారు!

ఇల్లాలి సూదే రక్ష

ఇన్యూట్ బూట్లను కామిక్ అంటారు. వాటిని కుట్టేది ఆడవాళ్లు. మరీ చలి రోజులకు కారిబూ చర్మం వాడతారు. కారిబూ అంటే రెయిన్‌డీరే. దాని వెంట్రుకల లోపల గాలి ఉంటుంది కాబట్టి వెచ్చదనానికి దాన్ని మించింది లేదు. తడి నేలకైతే సీల్ చర్మం. అడుగుభాగానికి ఇంకా మందంగా ఉండే గడ్డపు సీల్ తోలు. లోపల బొచ్చు మేజోళ్లు, వాటిమీద మరో పొర, ఆపైన బూటు... ఇలా పొర మీద పొర. పొరల మధ్య మళ్లీ గాలి!

అసలు నైపుణ్యమంతా కుట్టులో ఉంది. సూది తోలును పూర్తిగా దాటి అవతలికి రాకూడదు. సగం మందంలోనే వెళ్లి వెనక్కి రావాలి. అలా రెండు వరసలు. ఇక దారమంటారా... జంతువు స్నాయువులను ఎండబెట్టి, సన్నగా చీల్చి తీసింది. తడి తగిలితే ఆ దారం ఉబ్బి కుట్టు రంధ్రాన్ని తనే మూసేస్తుంది. చుక్క నీరు లోపలికి రాదు. బిరుసెక్కిన తోలును ఆడవాళ్లు పళ్లతో నమిలి మెత్తబరిచేవారు. బూటు ముందుభాగంలో మడతలు పెట్టేదీ పళ్లతోనే. ఆ పనితో పెద్దవాళ్ల పళ్లు చిగుళ్ల దాకా అరిగిపోయేవి. భర్త కాలివేళ్లు నిలవడానికి భార్య పళ్లు అరిగేవన్నమాట!

కన్నం దగ్గర నిలబడేటప్పుడు వేటగాడు కాళ్ల కింద ఓ బొచ్చు చర్మం ముక్క పరుచుకునేవాడు. దానితో రెండు లాభాలు... మంచు చల్లదనం పైకి రాదు, కాలి చప్పుడు కిందికి పోదు.

సాక్సుల బదులు గడ్డి

స్కాండినేవియా ఉత్తరాన ఉండే సామీ ప్రజలది మరో ఉపాయం. ఎండాకాలంలో ఓ రకం తుంగగడ్డి కోసి, మెత్తగా చితక్కొట్టి, చుట్టలు చుట్టి దాచుకునేవారు. చలికాలంలో రెయిన్‌డీర్ తోలు బూట్లలో ఆ గడ్డి కూరి, సాక్సుల్లేకుండా కాలు దూర్చేవారు. గడ్డి చెమట పీల్చుకుంటుంది, గాలినీ పట్టి ఉంచుతుంది. రాత్రికి బయటికి తీసి ఆరబెడితే మర్నాటికి మళ్లీ సిద్ధం!

ఇది నిన్నమొన్నటి తెలివి కాదు. 1991లో ఆల్ప్స్ పర్వతాల్లో మంచు కింద ఓ మనిషి శవం బయటపడింది. 5,000 ఏళ్లకు పైగా పాతది. ఓ పాత్రికేయుడు అతనికి ఓట్జీ అని పేరుపెట్టాడు. విల్లూ బాణాలూ అతని దగ్గరే ఉన్నాయి. కాళ్లకు ఎలుగుబంటి తోలు అడుగుతో, జింక తోలు పైభాగంతో చేసిన బూట్లు. లోపల చెట్టు నారతో అల్లిన వల, ఆ వలలో కూరిన గడ్డి!

ఈ పాఠాన్ని శ్రద్ధగా నేర్చుకున్న బయటివాడు నార్వే అన్వేషకుడు రోల్డ్ అముండ్‌సెన్. 1903 నుంచి రెండు చలికాలాలు కెనడా ఆర్కిటిక్‌లో ఇన్యూట్‌ల పక్కన గడిపి, వాళ్ల దుస్తుల సంగతులన్నీ తెలుసుకున్నాడు. 1911లో దక్షిణ ధ్రువానికి చేరిన మొదటి బృందం అతనిదే. ఆ ప్రయాణంలో వాళ్ల బూట్లలోనూ గడ్డే!

వందలో తొంభై వెనక్కి

అదే 1911లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లియాన్ లియాన్‌వుడ్ బీన్ అనే వ్యాపారి వేటకెళ్లి, తడిసి గడ్డకట్టిన కాళ్లతో ఇల్లు చేరాడు. పూర్తి తోలు బూటు నానిపోతుంది. పూర్తి రబ్బరు బూటు బరువు, పైగా చెమట. 'కింద రబ్బరు, పైన తోలు కలిపి కుట్టిస్తే?' అనుకున్నాడు. 1912లో మొదటి వంద జతలు అమ్మాడు. 90 జతలు తిరిగొచ్చాయి! రబ్బరుకీ తోలుకీ మధ్య కుట్టు ఊడిపోయింది. బీన్ అందరికీ డబ్బు తిరిగిచ్చి, అప్పు తెచ్చి, బూటును మెరుగుపరిచాడు. దాని పేరుమీద నిలబడ్డ కంపెనీ ఇప్పటికీ ఉంది. ఇన్యూట్ ఇల్లాలు సూదితో గెలిచిన చోటే, ఫ్యాక్టరీ బూటు మొదట ఓడిపోయిందన్నమాట.

మంచులోకి వెళ్తున్నారా...

మనదేశంలో 1972 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం. కానీ చలికాలంలో అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో వెళ్లేవాళ్లకూ, హిమాలయాలు చూడబోయేవాళ్లకూ ఈ వేటగాళ్ల సూత్రాలు పనికొస్తాయి.

* బూటులో వేళ్లు కదలాలి. రెండు జతల సాక్సులు వేసి బిగించడంకన్నా ఒక్క ఉన్ని జత వదులుగా ఉండటం మేలు.

* నూలు సాక్సులు వద్దు. తడిని పట్టుకుని వదలవు. సంచిలో ఓ పొడి జత ఎప్పుడూ ఉండాలి.

* తలా, ఒళ్లూ కప్పుకోండి. లోపల వెచ్చగా ఉంటేనే రక్తం వేళ్లదాకా వస్తుంది. సిగరెట్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. మద్యం ఒంట్లో వేడిని బయటికి పంపేస్తుంది.

* వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే రుద్దకూడదు, మంటకు కాచకూడదు. స్పర్శ లేని కాలు కాలినా తెలియదు! వెచ్చటి చోటికి చేరి, వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు ఇన్యూట్‌లకు స్నోమొబైళ్లు వచ్చాయి, ఫ్యాక్టరీ బూట్లూ వచ్చాయి. అయినా కామిక్‌లు కుట్టేవాళ్లూ, తొడిగేవాళ్లూ ఉన్నారు. పాతకాలంలో మంచు ఇళ్లలో కొవ్వు దీపం పైన ఓ దండెం వేలాడుతుండేది. వేట నుంచి వచ్చిన మనిషి తిని పడుకున్నాక, అతని బూట్లూ మేజోళ్లూ ఆ దండెం మీదికి చేరేవి. ఇల్లాలు వాటిని తిరగేసి ఆరబెట్టి, చినిగినచోట కుట్టు వేసేది.

వేట తెల్లారాకే. కానీ అందులో సగం పని ఆ రాత్రి, ఆ దీపం దగ్గరే పూర్తయ్యేది!