ఫెల్ప్స్‌తో ఫొటో దిగి... ఫెల్ప్స్‌నే ఓడించాడు!

ఒలింపిక్స్ స్వర్ణం ఒక్కటీ లేని చిన్న దేశం సింగపూర్. ఆ కొరత తీర్చింది ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు. పేరు జోసెఫ్ స్కూలింగ్.

2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు ముందు అమెరికా ఈత జట్టు సాధన కోసం సింగపూర్‌లో ఆగింది. మైకేల్ ఫెల్ప్స్ వచ్చాడని తెలిసి పిల్లలంతా ఎగబడ్డారు. వాళ్లలో పదమూడేళ్ల జోసెఫ్ ఒకడు. కళ్లజోడుతో, బెరుగ్గా నిలబడి ఫొటో దిగాడు.

ఆట ఆ ఇంటికి కొత్త కాదు. తాత వరసయ్యే లాయిడ్ వాల్బర్గ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో హైజంప్ చేశారు. ఆ ఏడాది సింగపూర్ తరఫున వెళ్లింది ఆయనొక్కరే!

జోసెఫ్ ఒక్కగానొక్క కొడుకు. అయినా పధ్నాలుగేళ్లకే శిక్షణ కోసం అమెరికాలోని ఫ్లోరిడాకు పంపారు అమ్మానాన్నలు. వంతులవారీగా వెళ్లి వాడి దగ్గర ఉండేవారు. మరో చిక్కు... సింగపూర్‌లో పద్దెనిమిదేళ్లు నిండిన అబ్బాయిలు రెండేళ్లు సైన్యంలో పనిచేయాల్సిందే. అంటే ఈతకు రెండేళ్ల విరామం! తల్లిదండ్రులు పట్టుదలగా ప్రయత్నించడంతో 2013లో ప్రభుత్వం వాయిదాకు ఒప్పుకుంది.

అంతకుముందే 2012 లండన్ ఒలింపిక్స్‌లో చేదు అనుభవం. నీళ్లలోకి దూకడానికి కాస్త ముందు, అతడి టోపీ, కళ్లద్దాలు నిబంధనల ప్రకారం లేవన్నారు అధికారులు. అప్పటికప్పుడు వేరేవి వెతుక్కుని దిగాడు. మనసు చెదిరింది. తొలి దశలోనే ఇంటిముఖం పట్టాడు. కానీ ఈత మానలేదు. 2014 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు.

2016 ఆగస్టు, రియో. 100 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్. ఈ పోటీలో వరసగా మూడు ఒలింపిక్స్‌లో గెలిచిన ఫెల్ప్స్ కూడా బరిలో ఉన్నాడు. జోసెఫ్ 50.39 సెకన్లలో గోడ తాకాడు. ఒలింపిక్ రికార్డు! ఫెల్ప్స్, లీ క్లోస్, చే ముగ్గురూ 51.14 సెకన్లతో సమానంగా వచ్చి రజతం పంచుకున్నారు.

మళ్లీ ఆ స్థాయి అందలేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో తొలి దశ దాటలేకపోయాడు. 2024 ఏప్రిల్‌లో, ఇరవై ఎనిమిదేళ్లకే వీడ్కోలు చెప్పాడు. అయితేనేం... తమలాంటి చిన్న దేశం పిల్లాడూ ప్రపంచాన్ని గెలవగలడని సింగపూర్ అమ్మానాన్నలకు నమ్మకం కుదిరింది. దానికి పట్టింది నిమిషం కూడా కాదు!