పాత సైనిక తుపాకి: కొనుటయు, కాపాడుటయు

1948వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన, షోలాపురమునుండి హైదరాబాదునకు పోవు రాజమార్గముపై భారతసేనలు జహీరాబాదును దాటి ముందునకు సాగినవి. దారిలో పాతియుంచిన మందుపాతరలను తొలగించుటకు వారికి కొంత కాలము పట్టినది. బీదరు బాట కలియు కూడలికడ పొంచియున్నవారు కాల్పులు జరిపిరి. మరునాడు నిజాము ప్రభుత్వము లొంగిపోయినది. తెలంగాణ సాయుధ పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడినది. ఆ దినములు గడచి డెబ్బది యేండ్లు దాటినవి. అయినను ఇనుము మనుష్యునికంటె దీర్ఘాయువు గలది. పాత ఇల్లు పడగొట్టునపుడు అటకపై గోనెలో చుట్టిన తుపాకి యొకటి బయటపడినచో గృహస్థుడు ఏమి చేయవలెను? సైన్యము వదలిన తుపాకి చవుకగా దొరకునని యెవరైన చెప్పినచో నమ్మవచ్చునా? చట్టప్రకారము తుపాకి కలవారు దానిని ఎట్లు కాపాడుకొనవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే మా ఉద్దేశము.

మన దేశమున పాత సైనిక తుపాకి యనగానే తలపునకు వచ్చునది 'త్రీనాట్‌త్రీ'. దీని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డు. దీని గొట్టము రంధ్రము అంగుళములో వేయింట 303 వంతులు గనుక ఆ పేరు వచ్చినది. పొట్టి గొట్టముతో కూడిన దీని ప్రసిద్ధ నమూనా 1907లో వాడుకలోనికి వచ్చి, రెండు ప్రపంచయుద్ధములను చూచినది. కలకత్తా సమీపమున ఇచ్ఛాపురపు రైఫిలు కర్మాగారమున ఇవి విరివిగా తయారైనవి. గొట్టము లోపల మెలికలు తిరిగిన అయిదు గాడులుండును. ఆ గాడుల వెంట గుండు బొంగరమువలె తిరుగుచు వెడలును గనుక దారి తప్పక చాల దూరము పోగలదు. సైన్యము విడిచిన పిమ్మటను పోలీసులు దీనిని అనేక సంవత్సరములు వాడిరి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26వ తేదీ కవాతులో దీనికి వీడ్కోలు పలికిరి.

రెండవ ప్రపంచయుద్ధానంతరము వివిధ దేశములలో ఇట్టి తుపాకులు లక్షల సంఖ్యలో మిగిలిపోయినవి. వానిని వర్తకులు గుత్తగా కొని, అమెరికా వంటి దేశములలో పత్రికాప్రకటనల మూలమున అమ్మిరి. తపాలాలో సొమ్ము పంపినచో తుపాకి ఇంటికి వచ్చెడిది. 1963 నవంబరు 22వ తేదీన అధ్యక్షుడు కెనెడీని బలిగొన్న ఇటలీ సైనిక తుపాకి అట్లు కొనబడినదే. దుర్భిణితో కలిపి దాని వెల, తపాలా ఖర్చులు గాక, 19 డాలర్ల 95 సెంట్లు. 1968లో అమెరికా ప్రభుత్వము తుపాకులను తపాలాలో తెప్పించుకొను పద్ధతిని చట్టముచే అరికట్టినది. అచ్చట నివసించు మన తెలుగువారు నేడును ఆయా రాష్ట్రముల చట్టములకు లోబడి పాత సైనిక తుపాకులను కొనవచ్చును. వారి మాట విని, ఇచ్చటను అట్లే జరుగునని తలచుట పొరపాటు.

మన ఆయుధ చట్టము 1959లో చేయబడి 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. సైనికుల తూటా ఇముడు తుపాకులను మన నియమములు నిషిద్ధపు కొలతలుగా ఎంచినవి. 303 తుపాకియు, కావలివారికై దానినే మార్చి చేసిన 410 మస్కెటును ఈ కోవకు చెందినవే. వీనికి కేంద్రప్రభుత్వపు ప్రత్యేకానుమతి కావలెను. అది సామాన్య గృహస్థునకు లభించునది కాదు. అనుమతి లేక నిషిద్ధాయుధము కలిగియున్నవారికి, 2019 సవరణ ననుసరించి, ఏడేండ్లకు తక్కువ గాని శిక్ష విధింపబడును. కావున చాటుగా 'మిలటరీ మాలు' అని చూపి అమ్మజూచువాడు చవుక వస్తువును గాక చెరసాలను అమ్మజూచుచున్నాడని గ్రహింపవలెను.

ఇక అటకపై దొరికిన తుపాకి సంగతి. "తాతగారి కాలపుది, తుప్పుపట్టినది, దీనికి చట్టమేమి?" అని కొందరు తలతురు. పాతదనము మాత్రమే రక్ష కాదు. పురాతనమైనదియో శిథిలమైనదియో అయి, మరమ్మతు చేసినను పేలుటకు పనికిరాని ఆయుధమునకే చట్టము మినహాయింపు నొసగినది. అది పనికివచ్చునో రాదో నిర్ణయింపవలసినది మనము కాదు. అట్టి తుపాకి కనబడినపుడు పిల్లలను దూరముగా పంపి, దానిని కదపక, మీట తాకక, ఠాణాకు తెలిపి, వారే వచ్చి తీసికొనిపోవునట్లు చేయుట మేలు. రశీదు తప్పక పొందవలెను. పాత తూటాలను పొయ్యిలో వేయుట, బావిలో పడవేయుట ఎంతమాత్రము కూడదు. లైసెన్సుగల ఇంటిపెద్ద గతించినపుడును వారసులు ఆ తుపాకిని ఆలస్యము చేయక ఠాణాలో గాని, లైసెన్సు పొందిన వర్తకునియొద్ద గాని అప్పగించి, తమ పేర లైసెన్సునకు దరఖాస్తు చేసికొనవలెను. బీరువాలో దాచి ఊరకుండుట వలననే అమాయక కుటుంబములు చిక్కులలో పడుచున్నవి.

సైనిక తుపాకియందు మక్కువ గలవారికి చట్టసమ్మతమైన మార్గము లేకపోలేదు. లీ-ఎన్‌ఫీల్డు పోలికనే ఇచ్ఛాపురమున 315 కొలతగల వేటతుపాకి తయారైనది. ఇది నిషిద్ధము కాదు. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి రెండు తుపాకులకు మించి కలిగియుండరాదు. లైసెన్సు గడువు అయిదేండ్లు. పాతదానిని మరియొక లైసెన్సుదారునినుండి కొనునపుడు, అమ్మువాడు ముందుగా అధికారులకు లిఖితపూర్వకముగా తెలిపి, 45 దినములు ఆగవలెను. పందుల బారినుండి పంటను కాచుకొనుటకు చట్టము పేర్కొన్నది ముందునుండి మందుదట్టు తుపాకిని. అందులకును లైసెన్సు కావలెను. అయితే తుపాకి లైసెన్సు వన్యమృగమును చంపుటకు అనుమతి కానేరదు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వేరుగా కలదు.

కొనునపుడు మొదట చూడవలసినది కాగితము. తుపాకిపై చెక్కిన సంఖ్యయు, లైసెన్సులోని సంఖ్యయు అక్షరాల సరిపోవలెను. రెండవది బోల్టు. ఇది తూటాను గొట్టములోనికి నెట్టి, పేలునపుడు వెనుకకు రాకుండ బిగించి పట్టు భాగము. దీనిపైని సంఖ్యయు తుపాకి దేహముపైని సంఖ్యయు ఒకటియే కావలెను. వేరొక తుపాకి బోల్టు తగిలించినచో తూటాకును బోల్టునకును నడుమ ఎడము మారి, పేలినపుడు తూటా గుల్ల చీలి, వేడి వాయువు కాల్చువాని ముఖమునకు కొట్టవచ్చును. మూడవది గొట్టము. తుపాకి ఖాళీగా నున్నదని కన్నుతోను, వ్రేలితోను రూఢి చేసికొని, బోల్టు తీసి, వెనుకనుండి వెలుతురునకు పట్టి చూడవలెను. గాడుల అంచులు స్పష్టముగా కనబడుట మంచి గుర్తు. లోపల ఉబ్బుగాని, పగులుగాని, కందిరీగ కట్టిన మట్టిగూడుగాని ఉన్నచో కాల్చుట ప్రాణాపాయము. అనుమానమున్నచో లైసెన్సుగల మరమ్మతుదారునకు చూపవలెనే గాని, కాల్చి పరీక్షింపరాదు.

సంరక్షణలో ముఖ్యశత్రువు ఉప్పు. పాత సైనిక తూటాల అడుగున నిప్పు పుట్టించు మందులో పొటాసియము క్లోరేటు ఉండెడిది. అది కాలిన పిమ్మట గొట్టములో ఉప్పువంటి పదార్థమును మిగుల్చును. వానకాలమున మూత తీసిన ఉప్పుజాడి చెమర్చుట ప్రతి యిల్లాలును ఎరిగినదే. గొట్టములోని ఉప్పును అట్లే గాలిలోని తేమను లాగి, ఇనుమును తినివేయును. నూనె ఉప్పును కరిగింపదు, నీరే కరిగించును. అందువలననే ఆనాటి సైనికులు కాల్చిన వెనుక గొట్టములో మరుగునీరు పోసి కడిగెడివారు. తూటా ఎట్టిదో తెలియనపుడు నేడును ఆ పద్ధతి మంచిది. కడిగి, పొడిగుడ్డతో పూర్తిగ ఆరునట్లు తుడిచి, పిమ్మట పలుచని యంత్రపు నూనె పూయవలెను. వేరుసెనగ, కొబ్బరి నూనెలు జిగురుకట్టును గనుక పనికిరావు. కఱ్ఱభాగమునకు అవిసెనూనె కొద్దిగా రుద్దిన చాలును. తోలు ఒరలో చిరకాలముంచరాదు. తోలు తేమను పట్టియుంచును. నూనె కఱ్ఱలోనికి దిగకుండ గొట్టపుమూతి క్రిందుగా నిలుపుట మేలు. బోల్టు ఒకచోట, తుపాకి ఒకచోట, తూటాలు వేరొకచోట తాళము వేసి, తాళపుచెవి పిల్లలకు అందకుండ ఉంచవలెను. ఎన్నికల కాలమున ఠాణాలో అప్పగింపవలసి వచ్చినపుడు, ముందు నూనె పూసి యిచ్చి, తిరిగి తెచ్చుకొనిన నాడే తుడువవలెను. మాలుఖానా తేమలో కొన్ని వారములకే తుప్పు మొలచును.

జహీరాబాదు బాటపై ఆనాడు మ్రోగిన తుపాకులు ఎప్పుడో మూగవోయినవి. ఏ ఇంటనైన వానిలో ఒకటి మిగిలియున్నచో, అది పేలదను ధైర్యముతో పిల్లలున్న యింట ఉంచుకొనరాదు. నేడే అటక యొకసారి చూచుకొనుడని మా మనవి.