రక్త క్యాన్సర్‌ను జయించిన పిల్లలు – గుండెను మరువరాదు

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో లుకేమియా, అనగా రక్త క్యాన్సర్, అన్నింటికంటే ఎక్కువగా కనిపించేది. నాందేడ్ జిల్లాలోని దెగలూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల నుండి, సరిహద్దుకు ఆవల నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల నుండి తల్లిదండ్రులు ఇటువంటి పిల్లలను కొందరు ముంబయికి, మరికొందరు హైదరాబాదుకు తీసుకొని వెళుతుంటారు. రెండు మూడేళ్లపాటు సాగే ఈ చికిత్సలో భూమి అమ్మినవారు, పని మానుకున్నవారు ఎందరో! చివరికి ఒకనాడు వైద్యులు మందులు ఆపివేస్తారు. బిడ్డ బడికి వెళుతుంది, ఫైలు అటక ఎక్కుతుంది. వ్యాధి పోయిన మాట నిజమే. అయితే ఆ బిడ్డ గుండెను, రక్తనాళాలను జీవితాంతం గమనించుకోవలసిన బాధ్యత మాత్రం అక్కడి నుండే ఆరంభమవుతుంది. దీనిని గురించి మన పల్లెలలో తెలిసినవారు తక్కువ.

ఒకనాటి మృత్యువ్యాధి

1940ల వరకు పిల్లల లుకేమియాకు మందు లేదు. భీమవరంలో జన్మించిన మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో తన బృందంతో రూపొందించిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947–48లో పిల్లలకు ఇచ్చి, వ్యాధి కొంతకాలం వెనుకంజ వేయటాన్ని తొలిసారి చూపించారు. దాని సోదరి వంటి మెథోట్రెక్సేట్ నేటికీ ఈ చికిత్సలో ముఖ్యమైన మందే. తరువాతి దశాబ్దాలలో అనేక మందులు కలిసి, నేడు సంపన్న దేశాలలో ఈ పిల్లలలో పదింట సుమారు తొమ్మండుగురు బతుకుతున్నారు. మన దేశంలోనూ కోలుకొని పెద్దవారవుతున్న పిల్లల సంఖ్య పెరుగుతున్నది. ఎక్కువమంది బతికి పెద్దవారైనందువల్లనే, చికిత్స వదిలి వెళ్లిన జాడలు వైద్యులకు కనిపించసాగాయి.

గుండెకు ముప్పు ఎందుకు?

చికిత్సలో ఎర్రని రంగులో సెలైన్ ద్వారా ఎక్కించే మందు తల్లులందరికీ గుర్తుంటుంది. డానోరూబిసిన్, డోక్సోరూబిసిన్ అనే ఈ మందులను ఆంత్రాసైక్లిన్లు అంటారు. ఇవి క్యాన్సర్ కణాలను సమర్థంగా నాశనం చేస్తాయి. కానీ గుండె కండర కణాలను కూడా కొంత దెబ్బతీస్తాయి. చర్మం, రక్తం వలె గుండె కండరం తిరిగి సులభంగా పెరగదు. పోయిన కణాలు దాదాపు పోయినట్లే.

నాలుగు ఎద్దులు లాగవలసిన బండిని మూడు ఎద్దులతో నడిపినట్లు ఊహించండి. బరువు తక్కువగా ఉన్నంతకాలం తేడా తెలియదు. బిడ్డ ఎదిగి, శరీరం పెరిగి, కష్టమైన పని, గర్భం, అధిక రక్తపోటు వంటి భారం పడినప్పుడు ఆ లోటు బయటపడుతుంది. అందువల్లనే చికిత్స ముగిసిన పది, ఇరవై ఏళ్లకు కూడా గుండె బలహీనత కనిపించవచ్చును.

అమెరికా, కెనడాలలో 1970–86 మధ్య చిన్నతనంలో వివిధ క్యాన్సర్లకు గురై కోలుకొన్న 14 వేలమందికి పైగా వ్యక్తులను పరిశీలించి, 2009లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, గుండె వైఫల్యం ముప్పు వారి తోబుట్టువులతో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు. అది విని భయపడనక్కరలేదు. ఆనాటి చికిత్సలు తీవ్రమైనవి, పైగా ఆ లెక్కలో అన్ని క్యాన్సర్లూ ఉన్నాయి. చిన్న వయసులో గుండె వైఫల్యం మామూలుగా అరుదు కనుక, ఆరు రెట్లైనా ఎక్కువమందికి అది రాలేదు. కానీ నిర్లక్ష్యం చేయదగిన సంగతి కాదు.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

ఎర్ర మందు మొత్తం మోతాదు ఎక్కువైనవారు మొదటివారు. శరీర వైశాల్యంలో ఒక్కో చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు, అంతకు మించితే ముప్పు ఎక్కువ అనీ, 100 నుండి 250 లోపు మధ్యస్థమనీ, 100 లోపు తక్కువ అనీ వైద్యులు లెక్కిస్తారు. లుకేమియా పిల్లలలో చాలామందికి తక్కువ లేదా మధ్యస్థ మోతాదే పడుతుంది. ఐదేళ్ల లోపు వయసులో మందు తీసుకున్నవారు, ఆడపిల్లలు, ఛాతీకి రేడియేషన్ పొందినవారు కూడా జాగ్రత్తపడాలి.

రక్తనాళాల సంగతి వేరు. స్టెరాయిడ్ల వలన, తలకు రేడియేషన్ ఇచ్చిన సందర్భాలలో హార్మోన్ల మార్పు వలన కొందరు పిల్లలకు బరువు పెరుగుతుంది. దాని వెంట రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్ చిన్న వయసులోనే రావచ్చును. ఎర్ర మందు తీసుకున్న గుండెకు రక్తపోటు తోడైతే ప్రమాదం కలిపినట్లు కాక హెచ్చించినట్లు పెరుగుతుంది. ఇక్కడే మనకు ఒక మేలు ఉన్నది. తీసుకున్న మందును వెనుకకు తీయలేము, కానీ రక్తపోటును అదుపులో ఉంచగలము.

ఏ పరీక్షలు?

ముఖ్యమైనది టూడీ ఎకో. సూది లేదు, నొప్పి లేదు. గుండె ఎంత బలంగా రక్తాన్ని నెడుతున్నదో తెరపై చూపిస్తుంది. ముప్పు ఎక్కువ ఉన్నవారికి రెండేళ్లకొకసారి, మధ్యస్థంగా ఉన్నవారికి ఐదేళ్లకొకసారి జీవితాంతం చేయించాలని అంతర్జాతీయ సూచనలు. మీ బిడ్డకు ఎంతకాలానికో చికిత్స చేసిన వైద్యులే నిర్ణయించాలి. రక్తపోటు, బరువు మాత్రం ఏటా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చూపించవచ్చును.

ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో చికిత్స పూర్తయిన పిల్లల కొరకే 1991లో ప్రత్యేక క్లినిక్ ఆరంభమైనది. అక్కడ చికిత్స పొందినవారు దానిని వదులుకోరాదు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల చూపించుకున్నవారు అక్కడికే మళ్లీ వెళ్లి, తదుపరి పరీక్షల తేదీలు వ్రాయించుకోవాలి. మహారాష్ట్ర కార్డు ఉన్నవారు మహాత్మా ఫులే పథకం, తెలంగాణ కార్డు ఉన్నవారు ఆరోగ్యశ్రీ ఆ పరీక్షకు వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడగాలి.

రెండు భాషలలో లక్షణాలు

సరిహద్దు గ్రామాలలో ఇంటి భాష ఒకటి, ఆసుపత్రి భాష మరొకటి. ఇంట్లో ‘ఆయాసం’ అన్నది నాందేడులో ‘దమ్ లాగణే’. గుండెదడ ‘ఛాతీత్ ధడ్‌ధడ్’. కాళ్ల వాపు ‘పాయాంవర్ సూజ్’. కళ్లు తిరగడం ‘చక్కర్ యేణే’. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్ల వాపు, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే ‘నీరసం’ అని ఊరుకోక వెంటనే చూపించాలి. “చిన్నతనంలో లుకేమియాకు కీమో ఇచ్చారు” అన్న ఒక్క వాక్యం కొత్త వైద్యునికి తప్పక చెప్పాలి.

ఫైలు కూడా ఆస్తి పత్రమే

పొలం సాత్‌బారా, పట్టాదారు పుస్తకం ఎంత భద్రంగా ఉంచుతామో చికిత్స కాగితాలను అంత భద్రంగా ఉంచాలి. వ్యాధి పేరు, చికిత్స తేదీలు, ఎర్ర మందు మొత్తం మోతాదు, రేడియేషన్ ఇచ్చారా లేదా, చివరి ఎకో ఫలితం – ఇవన్నీ ఒకే పుటలో వ్రాసి ఇవ్వమని వైద్యులను కోరాలి. దానికి నకళ్లు తీయించాలి. బిడ్డకు పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చాక తన కథ తనకు తెలియజెప్పాలి. తల్లికి మాత్రమే తెలిసిన చరిత్ర తల్లితోనే పోతుంది.

పెళ్లి, గర్భం

సంబంధం తప్పిపోతుందని వ్యాధిని దాచి, ఆ భయంతో పరీక్షలు కూడా మానివేసే కుటుంబాలు ఉన్నాయి. ఈ వ్యాధి అంటుకొనేది కాదు, సాధారణంగా వంశపారంపర్యమూ కాదు. కోలుకొన్న ఆడపిల్లలు ఎందరో తల్లులవుతున్నారు. అయితే గర్భవేళ గుండె ఎక్కువ రక్తాన్ని నెట్టవలసి ఉంటుంది. కాబట్టి ఎర్ర మందు తీసుకున్నవారు గర్భానికి ముందుగానీ, తొలి మూడు నెలలలోగానీ ఎకో చేయించుకోవాలి, కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. దాచినందువల్ల ముప్పు తగ్గదు. తెలిసినప్పుడే జాగ్రత్త సాధ్యమవుతుంది.

ఇంట, బడిలో

పొగాకు, గుట్కా, బీడీ ఈ పిల్లల దరి చేరరాదు. ఇంట్లో పెద్దలు తాగే పొగ కూడా హానికరమే. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర మంచి ఆహారమే. తగ్గించవలసినవి పచ్చళ్లలోని ఉప్పు, ప్యాకెట్ తినుబండారాలు. ‘పాపం, జబ్బు పిల్లవాడు’ అని ఆటలకు దూరంగా కూర్చోబెట్టడం ఉపాధ్యాయులు చేయరాదు. నడక, పరుగు, ఆటలు గుండెకు మేలు. భారీ బరువులెత్తడం, కుస్తీ వంటివాటికి మాత్రం వైద్యుని అనుమతి తీసుకోవాలి.

మీ ఇంట ఇటువంటి బిడ్డ ఉంటే ఈ వారమే ఫైలు దించి, చివరి ఎకో ఏ సంవత్సరంలో జరిగినదో చూడండి.