ఈతలో శ్రమను కొలిచే విధానం: చార్మినార్ మూలికల అంగళ్లలో వినిపించే మాట వెనుక

హైదరాబాద్: పాతబస్తీలో చార్మినార్ పరిసరాల మూలికల దుకాణాలలో అస్‌గంద్ అడిగిన వెంటనే లభిస్తుంది. ఆయుర్వేదంలో అశ్వగంధ అనేదీ, తెలుగువారు పెన్నేరు అనేదీ ఇదే. ఇది అలసటను పోగొట్టునని, పరిశోధనలలో రుజువైనదని తరచు వినవస్తుంది. ఆ రుజువులలో కొన్ని ఈతకు సంబంధించినవన్న సంగతి కొనుగోలుదారులలో పెక్కుమందికి తెలియదు.

చార్మినార్ చెంతనే నిజామియా టిబ్బీ కళాశాల, యునానీ ఆసుపత్రి కలవు. అక్కడ బోధింపబడే యునానీ శాస్త్రం ఆరోగ్యానికి అవసరమైన ఆరు అంశాలలో శరీర చలనమును, విశ్రాంతిని ఒకటిగా పరిగణిస్తుంది. వ్యాయామమునకు ఆ శాస్త్రంలో 'రియాజత్' అని పేరు. స్వేచ్ఛగా చేయుచు, శ్వాసను లోతుగా, వేగంగా సాగించు కదలికయే వ్యాయామమని ఇబ్న్ సీనా నిర్వచించెను. ఇందులోని 'స్వేచ్ఛగా' అను మాట గమనింపదగినది.

ప్రయోగశాలలో ఎలుకకు ఆ స్వేచ్ఛ లేదు. దాని తోకకు శరీర బరువులో సుమారు 5 శాతం బరువు కట్టి నీటిలో విడుచుదురు. బరువు లేనిచో బొచ్చులో చిక్కిన గాలి వలన అది శ్రమ లేకుండానే తేలుచుండును. మునిగిన ఎలుక కొన్ని సెకన్లలో పైకి రాలేకపోయినచో అలసినట్లు లెక్కించి, వెంటనే బయటకు తీయుదురు. మూలిక ఇచ్చిన ఎలుకలు ఎక్కువసేపు ఈదినచో అది సత్తువ పెంచినట్లు భావిస్తారు. రక్తంలో లాక్టేటు, కాలేయంలో గ్లైకోజెన్ కూడ కొలుచుట కలదు. కాని గడియారం చూపే కాలంలో సత్తువ ఎంత, భయం ఎంత అన్నది వేరుచేయుట కష్టం. నీటి వేడిమి మారినను ఫలితం మారును. కావున ఎలుక ఈదిన నిమిషములను మనిషి ఆరోగ్యానికి నేరుగా అన్వయించుట సరికాదు.

1977లో పోర్సోల్ట్ వెల్లడించిన పరీక్ష దీనికి భిన్నమైనది. అది మానసిక కుంగుబాటు మందులకు సంబంధించినది. రెంటినీ కలిపి చెప్పుట పరిపాటియైనది. బలవంతపు ఈత పరీక్షలను ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2024లో నిషేధించింది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నాటి నియమావళి ప్రకారం ఇట్టి ప్రయోగములకు ముందుగా నైతిక సంఘం అనుమతి తప్పనిసరి.

మనుషులలో ఈత శ్రమను వారు పీల్చు ఆక్సిజన్‌ను బట్టి కొలుస్తారు. తీరికగా ఈదుటకు విశ్రాంతి స్థితికన్నా సుమారు 6 రెట్లు శక్తి వ్యయమగును. అనగా 60 కిలోల వ్యక్తికి గంటకు దాదాపు 360 కిలోకేలరీలు. మెడవరకు నీటిలో ఉన్నప్పుడు శరీర భారంలో అధికభాగాన్ని నీరే మోయును గనుక కీళ్ల నొప్పులు గలవారికి ఇది అనుకూలం.

అస్‌గంద్ వాడినవారిలో కాలేయ సమస్యలు కొన్ని నమోదైనవి. గర్భిణులు దీనిని వాడరాదు. థైరాయిడ్, మధుమేహ మందులు తీసుకొనేవారు దుకాణదారుని మాటపై కాక, వైద్యుని సలహాపై మాత్రమే వాడవలెను.