కోడ్ రహిత డేటాబేసుతో ఆన్‌లైన్ అంగడి నిర్వహణ

కోడ్ రహిత డేటాబేసు అనగా ప్రోగ్రాము వ్రాయనవసరం లేకుండా, తెరపై కనిపించే పట్టికలు, ఫారములు, లంకెల సహాయంతో సమాచారాన్ని భద్రపరచుటకు, వెదకుటకు, ఇతరులతో పంచుకొనుటకు వీలు కల్పించే సాఫ్ట్‌వేరు. ఎయిర్‌టేబుల్, జోహో క్రియేటర్, బేస్‌రో, నోకోడీబీ ఈ కోవకు చెందినవి. ఆన్‌లైన్ అంగడి అనగా అనేకమంది విక్రేతల సరుకును ఒకే చోట కొనుగోలుదారులకు చూపి, వారి మధ్య బేరం కుదిర్చే వెబ్‌సైటు. సాధారణంగా సరుకు విక్రేతల వద్దనే ఉంటుంది. అంగడి నిర్వాహకుని వద్ద ఉండేది లెక్క: వస్తువు ఎవరిది, కొన్నది ఎవరు, ఎవరికి ఎంత చెల్లించవలసి ఉన్నది అను వివరం. ఈ లెక్క తప్పినచో మొదట నష్టపోయేది చిన్న విక్రేత. అందువలన ప్రోగ్రామరు లేకుండా అంగడి నడుపుటకు ఈ సాధనాలు ఎంత ఉపయోగపడునో, పట్టికలను సరిగా అమర్చుట కూడా అంత ముఖ్యము.

చరిత్ర

సమాచారాన్ని పట్టికలుగా విభజించి, వాటి మధ్య సంబంధాలను నిర్వచించే పద్ధతిని ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ ఎఫ్. కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించాడు. నేటి కోడ్ రహిత డేటాబేసులలో చాలావరకు ఈ పద్ధతి పైననే ఆధారపడి ఉన్నవి. 1979లో వెలువడిన విజీకాల్క్ అను స్ప్రెడ్‌షీటు, సామాన్యులు కూడా కంప్యూటరుపై గడులలో లెక్కలు వేసుకొనుటకు దారి చూపింది. తరువాత డీబేస్, ఫాక్స్‌ప్రో, 1992లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వచ్చినవి. మన దేశంలో 1990వ దశకంలో అనేక చిన్న కార్యాలయాల జీతాల పట్టీలు, సరుకు నిల్వల చిట్టాలు ఫాక్స్‌ప్రోలోనే నడిచినవి.

వెబ్ బ్రౌజరులోనే పనిచేసే సాధనాలు ఆ తరువాతి తరానికి చెందినవి. చెన్నై కేంద్రంగా ఎదిగిన జోహో సంస్థ 2006లో జోహో క్రియేటర్‌ను విడుదల చేసింది. హోవీ ల్యూ, ఆండ్రూ ఆఫ్‌స్టాడ్, ఎమ్మెట్ నికొలస్ 2012లో ఎయిర్‌టేబుల్ సంస్థను స్థాపించారు. చూచుటకు స్ప్రెడ్‌షీటు వలె ఉండి, లోపల సంబంధాలు గల డేటాబేసుగా పనిచేయుట దీని ప్రత్యేకత.

ఆన్‌లైన్ అంగళ్ల చరిత్ర దీనికి సమాంతరంగా సాగింది. పియెర్ ఒమిడ్యార్ 1995 సెప్టెంబరులో ఆక్షన్‌వెబ్ పేరుతో ప్రారంభించిన వెబ్‌సైటు తరువాత ఈబే అయినది. దానికి కావలసిన ప్రోగ్రామును ఆయనే వ్రాసుకొనెను. ప్రోగ్రాము వ్రాయలేనివారికి అట్టి అవకాశం ఆ రోజులలో లేదు.

పట్టికల అమరిక

చేనేత చీరలను నేతవారి నుండి కొనుగోలుదారులకు చేర్చే అంగడిని ఉదాహరణగా తీసుకొనవచ్చును. అన్ని వివరాలను ఒకే పెద్ద పట్టికలో వ్రాసినచో, ఒకే నేతగాని పేరు ప్రతి చీర ఎదుట మళ్లీ మళ్లీ వ్రాయవలసి వచ్చును. ఒక చోట వెంకటేశ్వర్లు అనియు, మరొక చోట వెంకటేశ్వరులు అనియు నమోదైనచో, కంప్యూటరు వారిని ఇద్దరు వ్యక్తులుగా భావించును. ఫోను సంఖ్య మారినప్పుడు కొన్ని వరుసలలో పాతది మిగిలిపోవును. దీనికి విరుగుడుగా వివరాలను ఈ క్రింది పట్టికలుగా విభజించవలెను.

• విక్రేతలు: పేరు, ఊరు, ఫోను, బ్యాంకు ఖాతా వివరాలు. ఒక్కొక్క విక్రేతకు ఒకే వరుస.
• వస్తువులు: చీర వివరం, ఛాయాచిత్రం, ధర, స్థితి, విక్రేతకు లంకె.
• కొనుగోలుదారులు: పేరు, చిరునామా, ఫోను.
• ఆర్డర్లు: తేదీ, కొనుగోలుదారునికి లంకె, ఆర్డరు స్థితి.
• ఆర్డరు అంశాలు: ఆర్డరుకు లంకె, వస్తువుకు లంకె, అమ్మిన ధర, కమీషను.
• చెల్లింపులు: ఏ విక్రేతకు, ఏ తేదీన, ఎంత సొమ్ము పంపినది.

వీటిలో ఆర్డరు అంశాల పట్టికను క్రొత్తవారు తరచుగా విస్మరిస్తారు. ఒక కొనుగోలుదారు ఒకే ఆర్డరులో ముగ్గురు నేతవారి చీరలు కొన్నప్పుడు, సొమ్ము మూడు వాటాలు కావలెను. ఈ పట్టిక లేనిచో ఆ పంపకం సాధ్యం కాదు.

అమ్మిన ధరను ఆర్డరు అంశంలో విడిగా నమోదు చేయుట మరొక ముఖ్య నియమము. వస్తువుల పట్టికలోని ధరను లంకె ద్వారా తెచ్చి చూపుట సులభమే. కాని విక్రేత తరువాత ధర మార్చినచో పాత ఆర్డర్లలోని అంకెలు కూడా మారిపోవును. ఆరు వేల రూపాయలకు అమ్మిన చీర 10 శాతం కమీషనుపై విక్రేతకు 5,400 రూపాయలు రావలెను. అటువంటి చీరకు విక్రేత తరువాత 5,000 రూపాయల ధర పెట్టినచో, పాత లెక్కలో ఆయనకు 4,500 రూపాయలే కనిపించును. ఇదే కారణంగా రద్దయిన ఆర్డర్లను తొలగించకుండా, వాటి స్థితిని రద్దు అని మార్చి ఉంచవలెను.

వెబ్‌సైటుతో అనుసంధానం

విక్రేతలు తమ వస్తువులను ఫారం ద్వారా పంపుతారు. ఆ వివరాలు వస్తువుల పట్టికలో పరిశీలన స్థితిలో చేరును. నిర్వాహకుడు చూచి ఆమోదించిన తరువాతనే అవి కొనుగోలుదారులకు కనిపించునట్లు వ్యూను అమర్చవచ్చును. వ్యూ అనగా పట్టికలోని కొన్ని వరుసలను, కొన్ని నిలువు వరుసలను మాత్రమే చూపే ఏర్పాటు. సాఫ్టర్ వంటి సాధనాలు ఈ సమాచారాన్ని వెబ్ పుటలుగా మార్చి చూపును. జాపియర్ వంటివి ఒక సేవలో జరిగిన మార్పును మరొక సేవకు చేరవేయును. ఆర్డరు రాగానే విక్రేతకు సందేశం వెళ్లుట వంటి పనులను ఆటోమేషన్ ద్వారా చేయించవచ్చును.

ఈ దశలో గోప్యతకు భంగం కలిగే అవకాశం ఎక్కువ. డేటాబేసు మొత్తాన్ని పంచుకొన్నచో అందరి ఫోను సంఖ్యలు, బ్యాంకు వివరాలు బయటపడును. అవసరమైన వ్యూను మాత్రమే పంచుకొనవలెను. డేటాబేసును తెరిచే రహస్య టోకెన్‌ను వెబ్ పుటలోని కోడులో ఉంచరాదు. బ్రౌజరులో పుట మూలాన్ని తెరిచి చూచే ఎవరికైనను అది కనిపించును. ఛాయాచిత్రాల విషయంలోను జాగ్రత్త అవసరం. ఎయిర్‌టేబుల్ ఏపీఐ ఇచ్చే జోడింపుల లంకెలు కొన్ని గంటలకే కాలం చెల్లును. వాటిని నేరుగా వెబ్‌సైటులో వాడినచో బొమ్మలు మాయమగును.

చెల్లింపులు

కార్డు సంఖ్యలు, రహస్య సంకేతాలు డేటాబేసులో ఎన్నడూ భద్రపరచరాదు. సొమ్ము వసూలును చెల్లింపుల సేవకే అప్పగించవలెను. అంగళ్ల కోసం వసూలైన సొమ్మును విక్రేతల వారీగా విభజించే సేవలు ఉన్నవి. స్ట్రైప్ కనెక్ట్, మన దేశంలో రేజర్‌పే రూట్ ఇటువంటివి. డేటాబేసులో లావాదేవీ సంఖ్య, మొత్తం, స్థితి మాత్రమే ఉంచిన చాలును. చెల్లింపు జరిగినదను సందేశం ఒక్కొక్కసారి రెండు మార్లు రావచ్చును. లావాదేవీ సంఖ్య ఇదివరకే నమోదైనదా అని చూడకుండా క్రొత్త వరుస చేర్చినచో, ఒకే అమ్మకం రెండుగా లెక్కకు వచ్చును.

పరిమితులు

ఏకైక వస్తువుల అమ్మకం అన్నిటికంటె క్లిష్టమైనది. చేతితో నేసిన చీర తరచుగా ఒక్కటే ఉండును. ఇద్దరు కొనుగోలుదారులు ఒకే క్షణంలో దానిని చూచినచో, ఇద్దరికీ అది అందుబాటులో ఉన్నట్లే కనిపించును. బ్యాంకులు, పెద్ద సంస్థలు వాడే డేటాబేసులలో పరిశీలన, కేటాయింపు రెండూ విడదీయరాని ఒకే చర్యగా జరుగును. పట్టికకు ఆటోమేషన్‌లు తగిలించి కట్టిన అంగడిలో ఈ రెంటి మధ్య కొంత వ్యవధి ఉండును. అందువలన చిన్న అంగళ్లలో ముందుగా వస్తువును ఒకరికి కేటాయించి, విక్రేత నిర్ధారించిన తరువాత సొమ్ము తీసుకొనుట క్షేమము.

రికార్డుల సంఖ్యకు కూడా హద్దు ఉన్నది. 2023లో చేసిన మార్పుల ప్రకారం ఎయిర్‌టేబుల్ ఉచిత ఖాతాలో ఒక్కొక్క డేటాబేసుకు 1,000 రికార్డుల పరిమితి విధించారు. ఏపీఐ ద్వారా సెకనుకు 5 అభ్యర్థనలకు మించి స్వీకరించదు. పండుగ రోజులలో రద్దీ పెరిగినప్పుడు ఈ హద్దు అడ్డు తగులును. హద్దులను గమనించకపోతే కలిగే హానికి ఇంగ్లండులో 2020లో జరిగిన సంఘటన నిదర్శనము. పాత ఎక్సెల్ ఫైళ్లలో 65,536 వరుసలకు మించి పట్టవు. ఆ కారణంగా సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలలో చేరలేదు. ఆ రోగులతో మెలగినవారిని గుర్తించుట కూడా ఆలస్యమైనది.

సేవ నిలిచిపోయే ప్రమాదం మరొకటి. అమెజాన్ 2020లో ప్రారంభించిన హనీకోడ్ అను ఇటువంటి సేవను 2024 ఫిబ్రవరి 29న మూసివేసింది. కావున పట్టికలన్నిటినీ క్రమం తప్పకుండా సీఎస్‌వీ ఫైళ్లుగా దింపి భద్రపరచవలెను. దింపిన ఫైళ్లలో పట్టికల మధ్య లంకెలు పేర్ల రూపంలోనే మిగులును గనుక, ప్రతి వరుసకు మారని గుర్తింపు సంఖ్య ఉండవలెను. బేస్‌రో, నోకోడీబీలను స్వంత సర్వరుపై కూడా స్థాపించుకొనవచ్చును. అయితే అప్పుడు దాని సంరక్షణ బాధ్యత స్థాపించినవారిదే.

భారతదేశంలో చట్టపరమైన బాధ్యతలు

సాధనం చిన్నదైనను అంగడి నిర్వాహకుని బాధ్యతలు తగ్గవు. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెల రోజులలో పరిష్కరించవలెను. విక్రేత పేరు, చిరునామా వంటి వివరాలు కొనుగోలుదారునికి అందుబాటులో ఉండవలెను. అందువలన ఫిర్యాదులకు కూడా తేదీలతో ఒక పట్టిక ఉండుట మంచిది.

జీఎస్టీ చట్టం ప్రకారం, విక్రేతల తరఫున సొమ్ము వసూలు చేసే నిర్వాహకుడు నమోదైన విక్రేతల అమ్మకాల నికర విలువపై పన్ను మినహాయించి ప్రభుత్వానికి చెల్లించవలెను. 2018 అక్టోబరు 1న 1 శాతంగా మొదలైన ఈ రేటును 2024 జూలై 10 నుండి 0.5 శాతానికి తగ్గించారు. 2023 అక్టోబరు 1 నుండి, టర్నోవరు నిర్ణీత పరిమితి దాటని చిన్న విక్రేతలు జీఎస్టీ నమోదు లేకుండానే, తమ రాష్ట్రం లోపల, కొన్ని షరతులకు లోబడి ఇటువంటి అంగళ్ల ద్వారా సరుకు అమ్ముకొనుటకు వీలు కల్పించారు. విక్రేతల పట్టికలో నమోదు సంఖ్య, రాష్ట్రం అను నిలువు వరుసలు మొదటి నుండి ఉన్నచో ఈ లెక్కలు తేలికగును.

వ్యవస్థను మార్చవలసిన తరుణము

రికార్డులు హద్దుకు చేరువగుట, ఒకే వస్తువు ఇద్దరికి అమ్ముడగుట, ఆటోమేషన్‌లు విఫలమైనవో లేదో కనిపెట్టుటకే రోజు గడచిపోవుట మార్పు అవసరమనుటకు సూచనలు. అప్పుడు హెల్సింకీలో రూపొందిన షేర్‌ట్రైబ్ వంటి అంగళ్ల సాఫ్ట్‌వేరుకు గాని, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేసుపై వ్రాయించుకొన్న ప్రోగ్రాముకు గాని మారవచ్చును. పట్టికలను మొదటనే సక్రమంగా విభజించి ఉన్నచో ఆ నమూనా, అందులోని వివరాలు క్రొత్త వ్యవస్థకు చాలావరకు యథాతథంగా ఉపయోగపడును.

ఇవి కూడా చూడండి

• డేటాబేసు
• స్ప్రెడ్‌షీటు
• ఈ-కామర్స్
• ఎడ్గార్ ఎఫ్. కాడ్
• వస్తు సేవల పన్ను
• చేనేత