ఆలివ్ ఆయిల్ కొంటున్నారా? సీసా తిప్పి చూడండి

సూపర్ మార్కెట్ అరలో ఆలివ్ ఆయిల్ సీసాలు వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ అని, ఇంకోదాని మీద ‘ప్యూర్’ అని, మరోదాని మీద ‘లైట్’ అని, కాస్త చౌకగా ఉన్నదాని మీద ‘పోమేస్’ అని రాసి ఉంటుంది. బొమ్మ మాత్రం దాదాపు అన్నిటి మీదా ఒకటే... ఆలివ్ కాయల కొమ్మ! గుండెకు మంచిదని వేరుశనగ నూనెకు పెట్టేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ డబ్బు పెడుతూ కూడా, చాలామంది ఈ తేడా చూడకుండానే ఏదో ఒకటి బుట్టలో వేసుకుంటారు. పేరు ఒకటే అయినా ఈ నాలుగు నూనెలూ వేరువేరు. ఆ తేడా తెలిస్తే డబ్బూ వృథా కాదు, ఆశించిన ఫలమూ దక్కుతుంది.

పండు రసమా? పిప్పి నూనెనా?

మన గానుగ నూనెలు గింజల నుంచి వస్తాయి. ఆలివ్ ఆయిల్ పండు గుజ్జు నుంచి వస్తుంది. ఒకరకంగా పండ్ల రసం లాంటిదే. కాబట్టి పండు ఎంత తాజాదైతే నూనె అంత మంచిది.

* ఎక్స్‌ట్రా వర్జిన్: తాజా కాయలను యంత్రాల్లో నలగ్గొట్టి, రసాయనాలేవీ కలపకుండా, పెద్దగా వేడి తగలనీయకుండా తీసిన నూనె. ఇందులో ఆమ్లత 0.8 శాతం మించకూడదు. రుచిలో, వాసనలో ఏ లోపమూ ఉండకూడదు.
* వర్జిన్: ఇదీ యంత్రాలతో తీసిందే. ఆమ్లత 2 శాతం దాకా ఉండొచ్చు. రుచిలో చిన్న లోపాలు ఉన్నా అనుమతిస్తారు.
* ప్యూర్, క్లాసిక్, ఉత్త ‘ఆలివ్ ఆయిల్’: నేరుగా తినడానికి పనికిరాని నూనెను రిఫైన్ చేసి, రంగు, వాసన పోగొట్టి, దానికి కొంత వర్జిన్ నూనె కలుపుతారు. ‘ప్యూర్’ అన్న మాట చూసి ఇదే మేలైనదని పొరబడుతుంటారు.
* లైట్, ఎక్స్‌ట్రా లైట్: ఇదీ ప్రధానంగా రిఫైన్డ్ నూనే. రంగు, రుచి తేలికగా ఉంటాయని ఆ పేరు. క్యాలరీలు ఏమాత్రం తగ్గవు. ఏ నూనె అయినా గ్రాముకు 9 క్యాలరీలే. ఒక టేబుల్ స్పూను పోస్తే సుమారు 120.
* పోమేస్: నూనె తీసేశాక మిగిలిన పిప్పి, గింజల నుంచి సాల్వెంట్‌తో లాగి రిఫైన్ చేసిన నూనె. మన దగ్గర పల్లీ చెక్క నుంచి నూనె తీసే పద్ధతి లాంటిదే. ప్రమాణాల ప్రకారం తయారైతే హానికరమేమీ కాదు. కానీ ఎక్స్‌ట్రా వర్జిన్ గుణాలను దీని నుంచి ఆశించలేం.

గుండెకు మేలు చేసేది ఏది?

ఆలివ్ ఆయిల్‌లో ఎక్కువగా ఉండే ఒలీయిక్ ఆమ్లం మంచి కొవ్వే. అయితే అది మన వేరుశనగ నూనెలోనూ దాదాపు సగం ఉంటుంది. ఎక్స్‌ట్రా వర్జిన్‌కు ప్రత్యేకత తెచ్చేది పాలీఫినాల్స్. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్ ఆక్సీకరణ చెంది రక్తనాళాలను దెబ్బతీయకుండా ఇవి తోడ్పడతాయి. రిఫైనింగ్‌లో ఇవి చాలావరకు పోతాయి.

ఆలివ్ ఆయిల్ పేరు చెప్పగానే అందరూ ఉదహరించే స్పెయిన్ అధ్యయనం ‘ప్రెడిమెడ్’. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 7,447 మందిపై చేశారు. 2013లో వెలువడిన ఫలితాలను, పద్ధతిలోని లోపాలు బయటపడటంతో వెనక్కి తీసుకుని, సరిచేసి 2018లో మళ్లీ ప్రచురించారు. కొవ్వు తగ్గించుకోమని సలహా పొందినవారితో పోలిస్తే మధ్యధరా ఆహారంతో పాటు ఎక్స్‌ట్రా వర్జిన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి సుమారు 30 శాతం తక్కువగా కనిపించాయి. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, వాళ్లకు ఇచ్చింది ఎక్స్‌ట్రా వర్జినే. రెండు, వాళ్లు కూరగాయలు, పండ్లు, పప్పుధాన్యాలు, చేపలు కూడా బాగా తిన్నారు. నూనెకు బదులు బాదం, అక్రోటు వంటి గింజలు తిన్న బృందానికీ దాదాపు అంతే మేలు జరిగింది. వేపుళ్లు, స్వీట్లు అలాగే తింటూ నూనె సీసా ఒక్కటి మారిస్తే ఆ ఫలితం రాదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

* నూనె రకం: ముందువైపు పెద్ద అక్షరాలు చూసి ఆగొద్దు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ‘రిఫైన్డ్’, ‘పోమేస్’, ‘బ్లెండెడ్’ అన్న మాటలున్నాయేమో చూడండి. ఆలివ్ బొమ్మ ఉన్నా అది ‘బ్లెండెడ్ ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్’ అయితే అందులో ఆలివ్ 20 శాతమే ఉండొచ్చు. ఏ నూనె ఎంతో లేబుల్ మీదే ఉంటుంది.
* పంట తేదీ: మధ్యధరా దేశాల్లో కాయలు కోసేది ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి దాకా. కోత తేదీ వేసిన సీసా దొరికితే దానికే ఓటెయ్యండి. లేకపోతే గడువు కనీసం ఏడాది మిగిలి ఉన్నది తీసుకోండి. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్నప్పుడు ముందు గడువు తేదీ చూడాలి.
* సీసా: వెలుతురు ఈ నూనెకు శత్రువు. ముదురు రంగు గాజు సీసా గానీ, రేకు డబ్బా గానీ మేలు. పారదర్శక ప్లాస్టిక్ సీసా వద్దు. కిటికీ పక్కన, లైట్ల కింద పెట్టింది కాకుండా అర లోపలిది తీయండి.
* దేశం: ‘బాటిల్డ్ ఇన్ ఇటలీ’ అంటే అక్కడ సీసాల్లో నింపారనే అర్థం. కాయలు ఎక్కడ పండాయో విడిగా రాసి ఉంటుందేమో చూడండి.
* దిగుమతిదారు: వారి చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉండాల్సిందే.
* పరిమాణం: చౌకని ఐదు లీటర్ల డబ్బా కొనొద్దు. మూత తీశాక రెండు మూడు నెలల్లో వాడేయాలి. పావు లీటరు, అర లీటరు సీసాలు నయం.

మందుల షాపుల్లో ఒంటికి మర్దన కోసం అమ్మే ఆలివ్ ఆయిల్‌ను వంటకు వాడకూడదు. లేబుల్ మీద అది తినే నూనె అని స్పష్టంగా ఉండాలి.

నాలుకే పరీక్ష

ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టేదే అసలైనదని చాలామంది నమ్ముతారు. ఇది నమ్మదగిన పరీక్ష కాదు. అసలైన నూనె గడ్డకట్టకపోవచ్చు, కల్తీది కట్టొచ్చు. ఆకుపచ్చ రంగునూ నమ్మలేం. రుచి చూసే నిపుణులు రంగు కనపడకుండా రంగు గాజు గ్లాసులు వాడేది అందుకే.

ఇంట్లో ఒక స్పూను నూనె నోట్లో వేసుకుని నెమ్మదిగా మింగండి. పచ్చి గడ్డి, పచ్చికాయ వాసన, కొంచెం చేదు, ఆ తర్వాత గొంతులో మిరియాల ఘాటు తగిలితే మంచిదే. ఆ ఘాటుకు కారణం ఒలియోకాంథాల్ అనే పదార్థమని 2005లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఏ రుచీ లేకుండా జిడ్డుగా ఉన్నా, పాత పల్లీలు నమిలినట్టు అనిపించినా అది పాతబడిందో, రిఫైన్ చేసిందో అనుకోవాలి.

లేబుల్ ఉన్నంత మాత్రాన ధీమాగా ఉండలేం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2010లో అక్కడి దుకాణాల్లోని దిగుమతి ‘ఎక్స్‌ట్రా వర్జిన్’ నమూనాలను పరిశీలిస్తే 69 శాతం రుచి, వాసన ప్రమాణాలకు నిలబడలేదు. మన ఎండలకు ఇంట్లోనూ జాగ్రత్త అవసరం. పొయ్యి పక్కన పెట్టకుండా చల్లని, చీకటి అలమరలో ఉంచండి.

ఎలా వాడాలి?

తాలింపుకు, మామూలు కూరలకు ఎక్స్‌ట్రా వర్జిన్ వాడొచ్చు. గారెలు, బూరెలు వేయించడానికి మాత్రం ఇంత ఖరీదైన నూనె దండగ. వేడికి సువాసన, కొంత పాలీఫినాల్ పోతాయి. సలాడ్‌లో, దించేసిన పప్పులో, కందిపొడి అన్నంలో, ఇడ్లీ పొడిలో కలుపుకొంటే పూర్తి ఫలం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 క్యాలరీల ఆహారంలో నూనె, నెయ్యి వంటివన్నీ కలిపి రోజుకు 27 గ్రాములు సూచించింది. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ఆలివ్ ఆయిల్ అయినా ఈ లెక్కలోనే రావాలి, దీనికి అదనంగా కాదు.

మాత్రలు ఆపొద్దు

‘ఆలివ్ ఆయిల్ వాడుతున్నాం కదా డాక్టరు గారూ, కొలెస్ట్రాల్ మాత్ర మానేయొచ్చా?’ అని ఓపీలో తరచూ అడుగుతుంటారు. మానకూడదు. గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు సొంతంగా మాత్ర ఆపితే ప్రాణం మీదికి రావొచ్చు. నూనె ఆహారం, మాత్ర చికిత్స. ఒకదాని పని ఇంకోటి చేయదు.

ఎక్స్‌ట్రా వర్జిన్ కొనే స్తోమత లేదని దిగులు పడక్కర్లేదు. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలను మార్చి మార్చి, మితంగా వాడుకుంటే చాలు. గుండె కోసమని ‘పోమేస్’కో ‘లైట్’కో ఎక్కువ డబ్బు పెట్టే బదులు, ఆ మొత్తంతో ఆకుకూరలు, పండ్లు, గుప్పెడు పల్లీలు కొనుక్కోండి. గుండెకు అవే ఎక్కువ మేలు చేస్తాయి.