స్వీయహాని తర్వాత చిన్న చర్మ గాయాల సంరక్షణ

లక్ష్యాలు

ఈ పాఠ్యాంశం చదివిన తర్వాత మీరు:
• ఇంట్లో చూసుకోదగిన గాయాన్ని, డాక్టరు చూడవలసిన గాయాన్ని వేరుచేసి చెప్పగలుగుతారు.
• గాయాన్ని శుభ్రపరచి కట్టు కట్టే పద్ధతిని వరుసక్రమంలో వివరించగలుగుతారు.
• గాయపడిన వ్యక్తితో ఎలా మాట్లాడాలో, ఎక్కడ సహాయం దొరుకుతుందో తెలుసుకుంటారు.

1. పరిచయం

మనసులోని బాధను తట్టుకోలేని స్థితిలో కొందరు తమ శరీరాన్ని తామే గాయపరచుకుంటారు. దీనినే స్వీయహాని అంటారు. ఇలా చేసే ప్రతివారూ చావాలని కోరుకుంటున్నారని అనుకోవడం పొరపాటు. అలాగని "ఊరికే చేస్తున్నారు" అని కొట్టిపారేయడం అంతకంటె పెద్ద పొరపాటు. ఒకసారి స్వీయహానికి పాల్పడినవారికి తర్వాతి కాలంలో ఆత్మహత్య ప్రమాదం ఇతరులకంటె ఎక్కువ అని అధ్యయనాలు చెబుతున్నాయి.

మన నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో మనుషుల బాధలకు కొదవ లేదు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర కర్మాగారం మూతపడి జీతాలు ఆగిపోయిన ఇళ్లున్నాయి. ఇంటాయన గల్ఫ్‌లో ఉండగా అప్పు, పిల్లలు, పొలం అన్నీ ఒంటిచేత్తో మోస్తున్న స్త్రీలున్నారు. పరీక్ష తప్పిన పిల్లలున్నారు. అయితే స్వీయహానికి ఏదో ఒక్క కారణం చూపడం సరికాదు. అనేక ఒత్తిళ్లు కలిసి మనిషిని ఆ స్థితికి తెస్తాయి.

ఇలాంటి గాయాన్ని సాధారణంగా దాచిపెడతారు. దాచిన గాయం సరిగా కడగకుండా, కట్టు మార్చకుండా ఉండిపోయి చీము పడుతుంది. అందువల్ల గాయాన్ని చూసుకోవడం ఎంత ముఖ్యమో, అది ఒకరికి చెప్పుకోగలగడం కూడా అంతే ముఖ్యం.

2. చర్మం ఎలా మానుతుంది?

చర్మం తెగిన వెంటనే రక్తం గడ్డకట్టి ఆ చోటును మూస్తుంది. తర్వాత కొన్ని రోజులు తెల్ల రక్తకణాలు క్రిములను, చచ్చిన కణాలను తొలగిస్తాయి. ఈ దశలో కొద్దిపాటి ఎరుపు, వాపు సహజం. ఆపైన కొత్త చర్మం అంచుల నుండి లోపలికి పెరుగుతుంది. మచ్చ మెత్తబడి రంగు తగ్గడానికి ఏడాది లేదా అంతకు మించి పట్టవచ్చు. కొత్త కణాలు తేమ ఉన్నచోట సులువుగా పాకుతాయి. కాబట్టి "గాలి తగలనిస్తే మానుతుంది" అనే మాటకంటె, శుభ్రమైన కట్టు కింద గాయం త్వరగా మానుతుందన్నదే నిజం.

3. ఇంట్లో చేయవలసినవి

(అ) ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోవాలి.
(ఆ) శుభ్రమైన గుడ్డను గాయంపై ఉంచి 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. ఆగిందో లేదో చూడటానికి మధ్యలో గుడ్డ తీయకూడదు.
(ఇ) రక్తం ఆగిన తర్వాత తాగడానికి పనికివచ్చే నీటిని ధారగా పోసి కడగాలి. చుట్టూ ఉన్న చర్మాన్ని సబ్బుతో శుభ్రపరచాలి.
(ఈ) శుభ్రమైన గుడ్డతో అద్ది, పలుచగా పెట్రోలియం జెల్లీ రాసి, గాజుగుడ్డ లేదా ప్లాస్టర్ వేయాలి. దూదిని నేరుగా పెడితే పోగులు గాయానికి అంటుకుంటాయి.
(ఉ) కట్టును రోజుకొకసారి, తడిసినా మురికి పట్టినా వెంటనే మార్చాలి.

కాలిన గాయమైతే 20 నిమిషాలు మామూలు చల్లని నీటి ధార కింద ఉంచాలి. ఐసు పెట్టకూడదు. బొబ్బలను చిదమకూడదు.

4. చేయకూడనివి

నిజామాబాద్ పసుపు మార్కెట్ దేశమంతటా పేరున్నది. గాయానికి పసుపు అద్దడం మన ఇళ్లలో పాత అలవాటు. పసుపులోని కర్కుమిన్‌పై పరిశోధనలు జరిగిన మాట నిజమే. కాని వంటింటి డబ్బాలోని పసుపు పొడి క్రిమిరహితం కాదు. తెరిచిన గాయంలో అది చెత్తగానే మిగులుతుంది. కాఫీపొడి, సున్నం, టూత్‌పేస్ట్, కిరోసిన్ కూడా వాడకూడదు. స్పిరిట్, నీళ్లు కలపని డెట్టాల్ వంటివి క్రిములతోపాటు కొత్త కణాలనూ చంపుతాయి.

5. డాక్టరు వద్దకు ఎప్పుడు వెళ్లాలి?

• 10 నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోతే
• గాయం అంచులు విడిపోయి లోపలి కొవ్వు కనిపిస్తే (కుట్లు వేయవలసి వస్తే కొన్ని గంటల్లోపే వెళ్లడం మంచిది)
• స్పర్శ తెలియకపోయినా, వేళ్లు కదలకపోయినా
• ఎరుపు పాకుతున్నా, చీము, జ్వరం వచ్చినా
• కాలిన గాయం అరచేతికంటె పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్లపై ఉన్నా

ధనుర్వాతం కలిగించే క్రిమి పొలం మట్టిలో, పశువుల ఎరువులో ఉంటుంది. చివరి టీకా తీసుకుని 5 ఏళ్లు దాటినా, ఎప్పుడు తీసుకున్నదీ గుర్తులేకపోయినా ఆరోగ్య కేంద్రంలో అడగాలి.

పురుగుమందుగాని మాత్రలుగాని మింగినట్లు అనుమానం ఉంటే మనిషి బాగానే కనిపించినా వేచి చూడకూడదు. వాంతి చేయించకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

6. మాట తీరు

గాయం చూసిన మొదటి నిమిషంలో మనం అనే మాట చాలాకాలం గుర్తుండిపోతుంది. "ఇంట్ల పరువు తీస్తవా?" అంటే ఆ మనిషి తర్వాతిసారి గాయాన్ని మరింత జాగ్రత్తగా దాస్తాడు. "నొప్పిగ ఉందా బిడ్డా? ముందు కడుగుదాం, తర్వాత నీకు చెప్పాలనిపిస్తే విందాం" అంటే తలుపు తెరిచి ఉంటుంది. ఇక చేయనని ఒట్టు వేయించుకోవద్దు. ఒట్టు తప్పినప్పుడు సిగ్గు పెరుగుతుందే తప్ప బాధ తగ్గదు. "చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని సూటిగా, శాంతంగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, ప్రమాదకరమైన వస్తువులను, మందులను దూరంగా ఉంచి, సహాయం పిలవాలి.

7. చట్టం, సహాయం

"ఆసుపత్రికి పోతే పోలీసు కేసు అవుతుంది" అనే భయంతో చాలామంది వెనకాడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి. వారికి సంరక్షణ, చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జులై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో లేదు. కాబట్టి చికిత్సకు వెళ్లడానికి వెనకాడనక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబగళ్లు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి నేరుగా వెళ్లవచ్చు.

ఈ పాఠం చదువుతున్న మీకే ఇది వర్తిస్తే, ముందు గాయం కడిగి కట్టు కట్టుకోండి. తర్వాత మీరు నమ్మే ఒక్క మనిషికి ఈ రోజే చెప్పండి. నోట మాట రాకపోతే ఈ పేజీ చూపినా చాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గాయానికి పసుపు ఎందుకు అద్దకూడదు?
2. తక్షణం డాక్టరు వద్దకు వెళ్లవలసిన లక్షణాలు నాలుగు రాయండి.
3. ఒట్టు వేయించుకోవడం వల్ల కలిగే నష్టం ఏమిటి?